సాయిలత పేరు మీద పెట్టినవి

శైలేందర్ సంచి నేనే సర్దాను. రెండు ప్యాంట్లు, నాలుగు అంగీలు, ఒక తువ్వాల, మడత విప్పని దుప్పటి. అన్నిటికీ పైన మామిడికాయ తొక్కు సీసా. నూనె కారుతుందేమోనని సీసాకు కవర్ చుట్టి రబ్బరు వేశాను. మనసొప్పక మళ్ళీ విప్పి, ఇంకో కవర్ చుట్టాను.

అతను గడపలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు.

"అత్తమ్మా, నేను కామారెడ్డికి పోతున్న. కాశికి కాదు. గంటన్నర తొవ్వ."

"పోతున్న అనకు బిడ్డా. పోయొస్త అను."

"పోయొస్త. సరేనా?"

ఎల్లారెడ్డి నుంచి దగ్గరికని బయల్దేరిన వాళ్ళే నాకు దూరమయ్యారు. నా పెనిమిటి సిద్దిరాములు చెరుకు నరికే పనికని బోధన్ వైపు పోయాడు. తిరిగి కబురే వచ్చింది, మనిషి రాలేదు. నా బిడ్డ సాయిలత జ్వరమొచ్చి కామారెడ్డి దవాఖానకు ఆటోలో పోయింది. ఆటో కదులుతుంటే తల బయటపెట్టి, "చాయపత్త అయిపోయింది అమ్మా, తెప్పియ్యి. రేపొస్త" అంది. చాయపత్త తెప్పించాను.

శైలేందర్ సాయిలత భర్త. అతని సొంతూరు సదాశివనగర్. నాకు మగపిల్లలు లేరని పెళ్ళయిన నాటి నుంచి నా ఇంట్లోనే ఉండి, బస్టాండు దగ్గర బండ్లు బాగుచేసే షెడ్డులో పనిచేశాడు. సాయిలత పోయాక కూడా ఏడాది ఇక్కడే ఉన్నాడు. ఏడాది దినం అయిపోగానే అతని అన్న బాలకృష్ణ వచ్చి నా ఎదుట కూర్చుని నేల చూశాడు. ఎందుకొచ్చాడో నాకు అర్థమైంది. "పిల్లగాని వయసెంత, ఇంకో లగ్గం చెయ్యుండ్రి" అని నేనే ముందుగా అన్నాను. కామారెడ్డిలో సంబంధం కుదిరేటట్టుంది, అక్కడే ఒక షోరూములో కొలువు కూడా దొరికింది.

నేను సర్దిన సంచి మీద పల్లి పడుకుంది.

పల్లి సాయిలత పెంచిన కుక్క. వేయించిన పల్లీల రంగులో ఉండేది కాబట్టి ఆ పేరు పెట్టింది. ఊరకుక్కే, జాతి కుక్క కాదు. శైలేందర్ దాని మెడ కింద గోకుతూ, "దీన్ని గూడ తీస్కపోయేటోన్ని గానీ, కిరాయి ఇల్లు మేడ మీద. మెట్ల మీద ఖరాబు చేస్తే ఇంటాయన ఉండనియ్యడు" అన్నాడు. "కడుపు కుదుటపడంగనే తీస్కపోత అత్తమ్మా. అందాక ఐతారం ఐతారం వచ్చి చూసిపోత."

అప్పటికి ఏడాదిగా పల్లికి కడుపు బాగాలేదు. తిన్నది తిన్నట్టు పలచగా పోతుంది, లేకపోతే కక్కుతుంది. నడుము దగ్గర బొచ్చు రాలిపోయి చర్మం కనబడుతుంది. ఆ రోజు శైలేందర్ మాటలు విని నేను సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. అది బాగుపడితే అతను తీసుకుపోతాడు. బాగుపడకపోతే ప్రతి ఆదివారం అతను నా గడప తొక్కుతాడు. నా బిడ్డకు సంబంధించి ప్రాణంతో మిగిలినవి ఆ రెండే. రెండింటినీ నా దగ్గరికి లాగుతున్నది ఆ కుక్క కడుపు నొప్పి ఒక్కటే.

అతను శైలేందర్ కాక వేరెవరైనా అయితే కుక్క కోసం ఇంతగా ఆలోచించేవాడు కాదు. అతను మాట ఇచ్చి ఉన్నాడు. ఆ మాట బతికున్న మనిషికి ఇచ్చింది కాదు.

సాయిలత పోయిన మూడో రోజు పిట్టకు పెట్టడానికి అందరం ఆమెను సాగనంపిన బొందలగడ్డకు పోయాము. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి దూరం జరుగుతాము. కాకి వచ్చి ముడితే వాళ్ళ మనసు నిమ్మళంగా ఉన్నట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. నేను బియ్యప్పిండి తట్టి సర్వపిండి చేశాను. కోడిగుడ్డు పులుసు, పల్లిపట్టి, గిలాసలో మీగడ చాయ పెట్టాము. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి గానీ దిగలేదు. ఎండ ఎక్కింది. ఒక్కొక్కరు ముందుకు పోయి, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పారు. మీ అమ్మను మేము చూసుకుంటాము, నీ చీరలు ఎవరికీ ఇవ్వము అని ఏవేవో అన్నారు. కాకులు కదలలేదు.

చివరికి శైలేందర్ తడి తువ్వాలతో ముందుకు వచ్చి, "పల్లిని నేను చూసుకుంట సాయిలతా. ఇడిసిపెట్ట" అన్నాడు.

అప్పటిదాకా ఎక్కడుందో, మా వెనకాలే ఇంటి నుంచి వచ్చినట్టుంది, పల్లి మా కాళ్ళ మధ్య నుంచి దూరి పోయి విస్తరిలో మూతి పెట్టింది. ఎవరో రాయి తీశారు. మా వాడకట్టుకు పెద్ద దిక్కయిన భూమక్క ఆ చెయ్యి పట్టుకుంది.

"కొట్టకు. పిట్టను పిలువలేదు పిల్ల. కుక్కను పిలిచింది. ఇగ నుంచి సాయిలతకు ఏం పెట్టాలన్నా దీనికే పెట్టుండ్రి."

ఎవరూ కాదనలేదు. నేను అసలే కాదనలేదు. ఆ మాట పట్టుకునే నేను ఆ ఏడాది లేచి తిరిగాను.

పొద్దున లేవగానే మీగడ చాయ కాచి, బిస్కట్లు నానబెట్టి పల్లి ముందు పెట్టేదాన్ని. సాయిలతకు అట్లా తాగడం అలవాటు. ప్రతి అమావాస్యకు భూమక్క సర్వపిండి తెచ్చేది. సాయిలత స్నేహితురాలు అనిల పాయసం తెచ్చేది. పక్కింటి సలోమి క్రిస్టమస్ కు కేకు, గులాబీ పువ్వులు తెచ్చింది. సలోమి వాళ్ళు కిరస్తానీలు, వాళ్ళకు ఈ పెట్టుడు లేదు. అయినా, "సాయిలతక్కకు నా కేకంటే పానం, అందుకే తెచ్చిన పెద్దమ్మా" అంటూ కళ్ళు తుడుచుకుంది. పల్లి అన్నీ తినేది. తిన్నాక కక్కేది. పాయసం కక్కితే, సాయిలతకు ఇప్పుడు పాయసం మీద మనసు లేదని పూరీలు చేసుకొచ్చేవాళ్ళు. పూరీలు పడకపోతే ఇంకేదో కావాలని అడుగుతున్నదనేవాళ్ళు. కుక్క ఎంత నీరసపడితే అంతగా రకాలు ఎక్కువయ్యాయి.

సలోమి ఒక్కతే నవ్వేది. "ఊరకుక్కకు దొర కడుపు వచ్చిందేంది పెద్దమ్మా? మా సందుల కుక్కలు చెప్పులు తిని అరిగించుకుంటయి!"

శైలేందర్ కామారెడ్డికి పోయాక మాట ప్రకారం ఆదివారాలు వచ్చాడు. మొదటిసారి ఒక పెద్ద సంచి మోసుకొచ్చాడు. దాని మీద నున్నటి తెల్ల కుక్క బొమ్మ, కోడి బొమ్మ, గాజరగడ్డల బొమ్మ ఉన్నాయి. "కడుపు నాజూకున్న కుక్కలకేనట" అన్నాడు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని సంచి నాలుగు దిక్కులా తిప్పి చూశాను. సాయిలత ఒకటో తరగతి పుస్తకం పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలు నావి. తెలుగులో ఏది దొరికినా చదువుతాను. ఆ సంచి మీద తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. లోపల గోళీల్లాంటి ఎండు తిండి. ఆ గోళీలు పల్లి తిన్నది. సాయంత్రం కక్కింది. ఆ రోజు అమావాస్య అని, పొద్దున భూమక్క సర్వపిండి, నా చాయ, అనిల పాయసం కూడా దాని కడుపులో ఉన్నాయని మాలో ఎవరికీ తట్టలేదు. తప్పు గోళీలదే అనుకున్నాము. రెండో ఆదివారం వేరే రకం తెచ్చాడు. తర్వాత పొడి మందు తెచ్చాడు. దాన్ని నేను పాలల్లో కలిపి తాగించాను.

ఉగాది దాటాక ఒక పొద్దున పల్లి తిరిగిన చోటల్లా నెత్తురు చుక్కలు కనబడ్డాయి. శైలేందర్ కు ఫోను చేశాను. దోస్తు ఆటో మాట్లాడుకుని వచ్చాడు. పల్లిని నా ఒళ్ళో వేసుకుని కామారెడ్డి పశువుల దవాఖానకు పోయాము. సాయిలతను తీసుకుపోయిన తొవ్వే. లింగంపేట దాటేదాకా నేను కళ్ళు తెరవలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. పల్లి కడుపు నొక్కి చూసింది, నాలుక చూసింది, జ్వరం చూసింది.

"ఏం పెడుతున్నారు?"

"ఇంటి అన్నమే మేడం. జర పెరుగు" అన్నాడు శైలేందర్.

"ఇంకా?"

"ఇంకేం లేదు."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. పొద్దున మీగడ చాయ, బిస్కట్లు. అమావాస్యకు సర్వపిండి. పాయసం. పూరీలు. పల్లిపట్టి. గుడ్డు పులుసు, కొంచెం కారం తగ్గించి. కేకు. ఇవి కాక వాడకట్టు వాళ్ళు ఎప్పుడైనా తెస్తే అవి. డాక్టరమ్మ రాయడం ఆపేసింది.

శైలేందర్ నా మొహం చూశాడు. "నేను షెడ్డుకు పోయినంక గివన్ని ఎందుకు పెట్టినవ్ అత్తమ్మా దీనికి?"

"దీనికి కాదు బిడ్డా. సాయిలతకు పెట్టిన."

"సాయిలత ఎవరు? ఇంకో కుక్కా?" అంది డాక్టరమ్మ.

శైలేందర్ పల్లి చెవి నిమిరాడు. ఆ అమ్మాయి మా ఇద్దరినీ చూసి, మళ్ళీ అడగలేదు. సూది వేసింది. గొంతు తగ్గించి మెల్లగా చెప్పింది. కొన్ని కుక్కల కడుపు పుట్టుకతోనే నాజూకుగా ఉంటుందట. వాటికి కొత్త రుచులు అక్కరలేదట, రోజూ ఒక్కటే పెట్టాలట. మెత్తగా ఉడికిన నూకల అన్నం, ఉడికించి మెదిపిన గుమ్మడికాయ, గుడ్డులోని తెల్లది. ఉప్పు వద్దు, నూనె వద్దు, పాలు అసలే వద్దు. కొంచెం కొంచెంగా, వేళకు.

"ముఖ్యంగా ఇంకొకరు ఏదీ పెట్టకుండా చూడండమ్మా. ఎవరు ఎంత ప్రేమగా తెచ్చినా సరే. ఇట్లాగే సాగితే ఇది వానకాలం చూడదు."

తిరిగి వస్తుంటే శైలేందర్ పల్లిని తన ఒళ్ళోకి తీసుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఆనాడు బొందలగడ్డల అందరి ముందర మాటిచ్చిన అత్తమ్మా. దీనికేమన్న అయితే నాకు తప్పు తాకుతది. ఇగ వేరే ఏం పెట్టనని నా మీద ఒట్టెయ్యి."

"మనుషుల మీద ఒట్టు వెయ్య. సరే అంటున్న గద."

ఇంటికి వచ్చి గుమ్మడికాయ కోశాను. ఉప్పు లేని కూర వండడానికి నా చెయ్యికి అలవాటు లేదు. ప్రతిసారీ ఉప్పు డబ్బా దాకా పోయి ఆగేది. పల్లి వాసన చూసి మూతి తిప్పుకుని, మరునాడు పొద్దున చాయ గిలాస పెట్టే చోట పోయి కూర్చుంది. దానికి చాయ ఇవ్వలేదు. నాకు కూడా పెట్టుకోలేదు. పొయ్యి మీద మీగడ చాయ వాసన లేని పొద్దు ఆ ఇంట్లో సాయిలత పుట్టినప్పటి నుంచి లేదు.

అమావాస్య వచ్చింది. భూమక్క పళ్ళెం మీద బట్ట కప్పుకుని వస్తున్నది కిటికీలోంచి కనబడగానే తలుపు గొళ్ళెం పెట్టాను.

"ఏం రాజమణీ, పట్టపగలు తలుపేసినవ్? దొంగలొస్తున్నరా?"

"అక్కా, పల్లికి ఏం పెట్టద్దన్నది డాక్టరమ్మ."

"పల్లికెవ్వరు తెచ్చిండ్రు? సాయిలతకు తెచ్చిన."

"పోయేది పల్లి కడుపులకే గదక్కా."

"గా డాక్టరు పోరికి కుక్కలే ఎరుక. మనకు మనుషులు ఎరుక. పిట్ట ముట్టకపాయె, యాదికి లేదా నీకు?"

"యాదికున్నది."

"మరి? నెలకొక్కనాడు నోరు తెరిచి అడుగుతది పిల్ల. గది గూడ బంద్ పెడ్తవా? నువ్వు కన్నతల్లివేనా?"

గొళ్ళెం మీద చెయ్యి పెట్టాను. తలుపు మాత్రం తీయలేదు. లోపల పల్లి భూమక్క గొంతు గుర్తుపట్టి తోక ఆడిస్తూ తలుపు గీకుతున్నది. నేను దాని నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకుని నేల మీద కూర్చున్నాను. దాని పక్కటెముకలు నా చేతికి తగిలాయి.

"సరే. ఎండబెట్టు పిల్లను" అని భూమక్క పళ్ళెం అరుగు మీద పెట్టి పోయింది.

చాలాసేపు ఆగి తలుపు కొంచెం తీసి పళ్ళెం లోపలికి తీసుకున్నాను. సర్వపిండి ఇంకా వేడిగా ఉంది, అంచులు కరకరలాడుతున్నాయి. పారెయ్యడానికి చేతులు రాలేదు. పల్లిని పెరట్లో కట్టేసి, వంటింట్లో నిలబడి మొత్తం నేనే తిన్నాను. సాయిలత పేరు మీద పెట్టింది నేను తినడం అదే మొదలు. ముక్క ముక్కకు బిడ్డ నోటి నుంచి తీసుకున్నట్టే అనిపించింది. ఆ రోజే సర్వపిండి గంజు కడిగి అటక మీద బోర్లించాను.

అనిలకు చెప్పాను, అర్థం చేసుకుంది. తర్వాత మా ఇంటికి రావడం తగ్గించింది. ఏమీ తేకుండా ఎట్లా రావాలో ఆ పిల్లకు తెలియలేదు. మిగతావాళ్ళు కూడా అంతే. ఏడాది పొడుగునా ఏదో గిన్నె పట్టుకుని వచ్చి, కుక్కకు పెట్టి, కూర్చుని, సాయిలత ముచ్చట రెండు చెప్పుకుని పోయేవాళ్ళు. గిన్నెలు ఆగాక ముచ్చట్లూ ఆగాయి. ఇంట్లో నూకలు ఉడికే చప్పుడు, పల్లి నాకే చప్పుడు మిగిలాయి. దాని గుడ్డు తెల్లది తీసి పెట్టి, పచ్చది నేను తినేదాన్ని.

మృగశిర పోయి వానలు పడ్డాక ఒక పొద్దున సలోమి గోడ మీంచి కేక వేసింది. ఆమె బడిలో ఆయా, పొద్దున్నే వాకిలి ఊడ్చుకుని పోతుంది.

"పెద్దమ్మా! ఇటు రా! ఉరికి రా!"

ఏమైందోనని ఉరికాను. సలోమి గోడ పక్కన వంగి చీపురుతో చూపించింది.

"ఏసయ్యకు స్తోత్రం! గట్టిగున్నది చూడు!"

నేను కళ్ళద్దాలు తెచ్చుకుని వంగి చూశాను. నిజమే. అంతకుముందు రోజు కూడా అట్లాగే ఉందని, నేను నమ్మలేదని చెప్పాను.

"ఇద్దరాడోళ్ళం పొద్దుగాల పొద్దుగాల కుక్క పెంట చూసి సంబురపడుతున్నం. ఎవ్వరన్న చూస్తే ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకు పంపుతరు పెద్దమ్మా" అని సలోమి నవ్వుతూనే ఉంది. నేనూ నవ్వాను. లోపలికి వచ్చాక, బాగుపడితే తీసుకుపోతానన్న శైలేందర్ మాట గుర్తొచ్చి పీట మీద కూర్చున్నాను.

శైలేందర్ అప్పటికి ప్రతి ఆదివారం రావడం లేదు. లగ్గం ఖాయమైంది. అమ్మాయి పేరు ప్రవళిక. ముహూర్తం శ్రావణంలో పెట్టారు. ఒక ఆదివారం బట్టలు కొనాలన్నాడు, ఇంకో ఆదివారం వాన అన్నాడు. వచ్చినప్పుడు కూడా ఫోను చూసుకుంటూ కూర్చునేవాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

లగ్గానికి ముందు వచ్చిన ఆదివారం, చాయ తాగుతూ అడిగాడు. "ఎట్లున్నది దీని కడుపు?"

పల్లి నడుము మీద కొత్త బొచ్చు వచ్చింది గానీ, దగ్గరికి పోయి చూస్తే తప్ప తెలియదు. ఇంకా పలచగానే పోతున్నదని నేను ఒక్క మాట అంటే చాలు. అతను నమ్ముతాడు. లగ్గమయ్యాక కూడా వస్తాడు, కనీసం నెలకొకసారి. కొత్త పెళ్ళాన్ని తీసుకుని అయినా వస్తాడు. పల్లి నా కాళ్ళ దగ్గర పడుకుని ఉంటుంది. ఆ మాట నోటి దాకా వచ్చింది. కానీ బొందలగడ్డలో తడి తువ్వాలతో నిలబడిన మనిషి నా కళ్ళ ముందుకు వచ్చాడు. అతను మాట ఇచ్చింది నా బిడ్డకు. నేను అబద్ధమాడితే అది నా బిడ్డ దగ్గర ఆడినట్టే.

"కుదుటపడ్డది అల్లుడా. మంచిగున్నది" అన్నాను.

"నిజంగనా?" అతని మొహం వెలిగింది. పల్లిని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. "బరువైందే నువ్వు! ఇంకేంది అత్తమ్మా, ఇయ్యాల్నే తీస్కపోత. ఇంటాయనతోని నేను మాట్లాడుత."

ఇంత తొందరగా అని నేను అనుకోలేదు. అతను ఆటో కోసం ఫోను చేస్తుంటే సంచి సర్దాను. అతను మొదటిసారి తీసుకుపోయి, తర్వాత ఒక ఆదివారం తిరిగి తెచ్చిన సంచే, తొక్కు సీసా నూనె మరక అడుగున అట్లాగే ఉంది. ఎన్ని కవర్లు చుట్టినా కారింది. రాళ్ళు ఏరిన నూకలు, ఒక గుమ్మడికాయ, దాని పళ్ళెం, సాయిలత పాత చీర సగం ముక్క, పడుకోవడానికి. ఆ పూటకు వండింది స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించాను.

"అత్తమ్మా, కామారెడ్డిల గుమ్మడికాయలు దొరకయా?"

"దొరుకుతయి బిడ్డా. రాత్రి పూట దొరకకపోతే?"

పాలు వద్దని చెప్పాను. ఉప్పు వద్దని చెప్పాను. కొత్త ఇంట్లో ఎవరైనా ప్రేమగా ఏదైనా పెట్టబోతే ఆపమని చెప్పాను. అతను ప్రతిదానికీ తల ఊపాడు. పల్లి ఆటోలో సంచి మీద ఎక్కి కూర్చుంది.

"పోయొస్త అత్తమ్మా" అన్నాడు, నేను గుర్తు చేయకుండానే. "పెత్రమాసకు పల్లిని పట్టుకొని వస్త. సాయిలతకు పెట్టేటప్పుడు ఇది ఉండాలె గద."

ఆటో సందు మలుపు తిరిగేదాకా చూడకూడదని లోపలికి వచ్చాను. చూస్తే పోతారని నాకొక భయం. చూడకపోయినా పోతారని తర్వాత తెలిసింది.

వినాయక చవితి అయ్యాక సలోమి ఏదో పని మీద కామారెడ్డికి పోయింది. తిరిగి వచ్చి నా స్టీలు డబ్బా చేతిలో పెట్టింది.

"శైలేందరన్న కలిసిండు పెద్దమ్మా. ఇంటికి తీస్కపోయిండు. ఆమె మంచిదే. చాయ పోసింది."

"పల్లి?"

"బొర్ర పెరిగింది. నన్ను చూసి ఎగిరి మీదికొచ్చింది."

"ఏం పెడుతున్నరు? నూకలు మెత్తగ ఉడికిస్తున్నరా?"

సలోమి డబ్బా వైపు చూసింది. "సంచిల గోళీలు పెడుతున్నరు పెద్దమ్మా. మొదలు అన్న తెచ్చినయే గద, గవే. ఇప్పుడు పడుతున్నయట."

పడతాయి. వాటితో పాటు ఇంకేమీ పెట్టకపోతే మొదట్లోనే పడేవేమో.

డబ్బా మూత తీశాను. తళతళలాడేటట్టు తోమి ఉంది. అడుగున గుప్పెడు చక్కెర. ఒకరి ఇంటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని సాయిలతకు నేను నేర్పాను, అది శైలేందర్ కు నేర్పింది. అతను ప్రవళికకు చెప్పి ఉంటాడు. మర్యాదగా పంపిన డబ్బా. మళ్ళీ ఇక్కడికి తెచ్చి ఇచ్చేది ఏదీ అతని ఇంట్లో మిగల్లేదు.

"పెత్రమాసకు వస్తనన్నడా?"

"గా రోజే ఎంగిలిపూల బతుకమ్మ గద పెద్దమ్మా. కొత్త పెళ్ళికూతురిని తల్లిగారింటికి తోలుకపోవాలె. చూస్త అన్నడు."

చూస్తా అన్నాడు కాబట్టి నేను చూశాను. పోయినవాళ్ళకు పెట్టే పెత్రమాస నాడు అటక మీద నుంచి గంజు దించి సర్వపిండి చేశాను. గుడ్డు పులుసు, పల్లిపట్టి, మీగడ చాయ. పక్క పొయ్యి మీద నూకలు, గుమ్మడికాయ ఉప్పు లేకుండా ఉడికించాను. రెండూ మిద్దె మీదికి మోసుకుపోయాను. కామారెడ్డి బస్సు వచ్చే తొవ్వ అక్కడి నుంచి కనబడుతుంది. ఒక బస్సు వచ్చింది, ఇంకొకటి వచ్చింది. ఆటోలు వచ్చాయి. కింద సందులో ఆడపిల్లలు తంగేడు పూలు పరిచి బతుకమ్మలు పేరుస్తున్నారు. ఎండ మిద్దె అంచు దాటింది.

ఇంక ఆగలేక విస్తరి గోడ మీద పెట్టాను. కాకి ఎట్లాగూ రాదనుకున్నాను. సాయిలతకు పల్లి కావాలి, శైలేందర్ కావాలి. వాళ్ళు లేనిది ఆమె ముట్టదు. నేను ఇంకా చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ఒక కాకి దిగింది. వెనకాలే ఇంకొకటి. సర్వపిండి ముక్క ఎత్తుకుపోయింది. పులుసులో ముక్కు ముంచింది. విస్తరి చూస్తుండగానే ఖాళీ అయింది.

కింద నుంచి భూమక్క చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని కేక వేసింది. ఆ అమావాస్య తర్వాత ఆమె నాతో మాట్లాడడం అదే మొదలు.

"ముట్టిందా రాజమణీ?"

"ముట్టిందక్కా."

"ఇగ రంది లేదు. పిల్ల మనసు నిమ్మళమైంది. ఆమెకు ఇగ ఏం అక్కర లేదు."

గుమ్మడికాయ అన్నం పళ్ళెంలో చల్లారిపోయింది. కాకులు దాన్ని ముట్టలేదు. చీకటి పడేదాకా మిద్దె మీదనే ఉన్నాను.

శైలేందర్, పల్లి ఆ పెత్రమాసకు రాలేదు. రెండు వేల ఇరవై నాలుగు శ్రావణంలో ఒక ఆదివారం ఈ గడప దాటి పోయిన ఆ ఇద్దరూ మళ్ళీ రాలేదు.